తేలు బొమ్మ కారు, ఎర్రమట్టి దారి: అబార్త్ పుంటోతో తొమ్మిదేళ్లు

మొన్న దసరాకి బండి కడిగి, బొట్లు పెట్టి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ మీటరు చూశాను. 96,000 దాటింది. 2016 మార్చిలో కొన్న ఫియట్ అబార్త్ పుంటో ఇది. ఆ తర్వాత మా ఇంటికి ఇంకో రెండు కార్లు వచ్చాయి, ఒకటి అమ్మేశాం కూడా. దీన్ని మాత్రం అమ్మే ఆలోచన ఎప్పుడూ రాలేదు.

కొత్తది ఇప్పుడు దొరకదు. ఫియట్ 2019లో మన దేశంలో కార్ల అమ్మకాలు ఆపేసింది. అయినా సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూనే ఉన్నాయి, కొనాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మొదటి ప్రశ్న "రీమ్యాప్ చేయిస్తే ఎంత వస్తుంది?" అని. రీమ్యాప్ అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) లెక్కలు తిరగరాసి పవర్ పెంచడం. పవర్ పెంచడానికి నేను పెట్టిన డబ్బు నాకు పెద్దగా ఏమీ ఇవ్వలేదు. ఇంజన్ వేడి తగ్గించడానికి, గాలి లీకులు ఆపడానికి, చక్రం నేలను వదలకుండా ఉండటానికి పెట్టిన డబ్బే మట్టి మీద నన్ను ముందుకు తీసుకెళ్లింది. అది ఎలాగో వివరంగా చెప్తాను.

కారు సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2015 అక్టోబరులో 9.95 లక్షల ఢిల్లీ ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది. పుణె దగ్గర రంజన్‌గావ్ ఫ్యాక్టరీలో తయారయ్యేది. 1.4 లీటర్ల టీజెట్ టర్బో పెట్రోల్ ఇంజన్, 145 బీహెచ్‌పీ, 212 న్యూటన్ మీటర్ల టార్క్, 5 గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. టర్బో అంటే ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే చక్రం. 100 వేగానికి 8.8 సెకన్లు అని కంపెనీ చెప్పింది. పది లక్షల లోపు ఇంత పికప్ ఉన్న కారు అప్పట్లో వేరేది లేదు. స్టీరింగ్ హైడ్రాలిక్ కావడం నాకు అన్నిటికన్నా పెద్ద వరం. ముందు టైరు కింద కంకర కదిలినా చేతికి తెలుస్తుంది.

చిన్నప్పుడు నాన్న వేలు పట్టుకుని చార్మినార్ చాలెంజ్ ర్యాలీ చూసినప్పటి నుంచి నాకు మట్టి మీద తిరిగే కార్లంటే ప్రాణం. చిక్కమగళూరు కాఫీ తోటల్లో ర్యాలీ జరిగితే సెలవు పెట్టి వెళ్తాను. అబార్త్ పేరుకీ ర్యాలీకీ ఉన్న బంధం పాతది. ఆ కంపెనీ పెట్టిన కార్ల్ అబార్త్ వియన్నాలో పుట్టినవాడు, వృశ్చిక రాశి, అందుకే అబార్త్ గుర్తులో తేలు. ఫియట్ 131 అబార్త్ కారు 1977, 1978, 1980లలో ప్రపంచ ర్యాలీ తయారీదారుల టైటిల్ గెలిచింది. 1980లో అదే కారుతో వాల్టర్ రోల్ డ్రైవర్ల చాంపియన్ అయ్యాడు. 2006లో గ్రాండే పుంటో ఎస్2000 నడిపి జాండొమెనికో బాసో ఇంటర్నేషనల్ ర్యాలీ చాలెంజ్ (ఐఆర్‌సీ) గెలిచాడు. చాలామంది గమనించని విషయం, ఆ ర్యాలీ పుంటోకి టర్బో లేదు, నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉంది. నా కారుకి టర్బో ఉంది, డ్రైవ్ ముందు రెండు చక్రాలకే. ఈ తేడా నా బుర్రకెక్కడానికి మూడేళ్లు, చాలా రూపాయలు పట్టాయి.

ముందు మెయింటెనెన్స్. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ దాదాపు మూడు లీటర్లే. ఆ మూడు లీటర్లే నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో షాఫ్టును కూడా చల్లగా ఉంచాలి. అందుకే సర్వీస్ పుస్తకంలో ఏ గడువు రాసి ఉన్నా నేను ప్రతి 5,000 కిలోమీటర్లకు 5డబ్ల్యూ40 ఫుల్లీ సింథటిక్ మార్పిస్తాను. గట్టిగా నడిపి వచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, ఆ తర్వాతే తాళం తిప్పుతాను. వెంటనే ఆపేస్తే షాఫ్టు చుట్టూ నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. ఇంట్లో వాళ్లకి కూడా ఇది అలవాటైపోయింది. గేటు ముందు ఆగగానే మా ఆవిడ సంచులు సర్దుకోవడం మొదలుపెడుతుంది, ఆ సర్దుకునేలోగా నిమిషం అయిపోతుంది. స్పార్క్ ప్లగ్గులు 30,000కి, టైమింగ్ బెల్టు 60,000కి మార్పించాను. బెల్టు విషయంలో ఒక్క నెల కూడా వాయిదా వేయకండి. తెగిందంటే వాల్వులు వెళ్లి పిస్టన్లకు తగులుతాయి, ఇంక హెడ్ విప్పాల్సిందే.

41,000 దగ్గర బండి పికప్ పడిపోయింది. 3,000 ఆర్‌పీఎం దాటాక ఎక్కడో సన్నగా ఈల, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బరువు లాగుతున్నట్టు నడక. ఒక వర్క్‌షాపుకి తీసుకెళ్తే గంటసేపు ల్యాప్‌టాప్ పెట్టి చూసి, టర్బో పోయింది, కొత్తది తెప్పించాలి, లక్ష దాకా అవుతుంది అన్నారు. ఏ లోపం కోడ్ వచ్చిందో ప్రింట్ అడిగితే ఇవ్వలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు బాలానగర్‌లో మా మెకానిక్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన దగ్గర ల్యాప్‌టాప్ లేదు. లేత్ షాపు నుంచి ఒక పీవీసీ పైపు మూత తెచ్చి, దానికి మధ్యలో రంధ్రం చేసి, ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పి, టర్బోకి గాలి వెళ్లే గొట్టానికి ఆ మూత పెట్టి క్లాంప్ బిగించాడు. కంప్రెసర్ తగిలించి మెల్లగా 1 బార్ దాకా గాలి ఎక్కించాడు. నన్ను స్ప్రే బాటిల్‌తో సబ్బు నీళ్లు కొట్టమన్నాడు. టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి త్రాటిల్‌కి వచ్చే రబ్బరు హోస్, క్లాంప్ అంచు దగ్గర, కింది వైపు, అద్దం పెడితే గానీ కనబడని చోట, ఆవగింజంత బుడగలు వరుసగా పొంగాయి. వేలితో హోస్ వంచితే చీలిక నోరు తెరిచింది.

"గాలి పోతున్నది సార్, టర్బోకి ఏం కాలె. పైపు మారిస్తె అయిపాయె," అన్నాడు భాయ్.

సిలికాన్ హోస్, రెండు మంచి క్లాంపులు, మొత్తం 1,800 రూపాయలు. అదే టర్బోతో ఆ తర్వాత 55,000 కిలోమీటర్లు తిరిగాను. టర్బో కారు కొన్న ఎవరికైనా నేను చెప్పేది ఇదే. పికప్ తగ్గితే ముందు గాలి లీకు పరీక్ష చేయించండి, హోస్‌లు, క్లాంపులు, సన్నటి వాక్యూమ్ పైపులు అన్నీ చూపించండి. మన ఎండలకి ఇంజన్ దగ్గరి రబ్బరు ఐదారేళ్లలో గట్టిపడి చిట్లుతుంది. ఇప్పుడు నేను ఏటా ఉగాదికి ముందు ఆ సబ్బు నీళ్ల పరీక్ష నా చేత్తోనే చేసుకుంటాను.

ఇక రీమ్యాప్. 44,000 దగ్గర చేయించాను. 175 బీహెచ్‌పీ చుట్టూ వస్తుందని ట్యూనర్ అన్నాడు. మొదటి వారం నేలకు కాళ్లు ఆనలేదు, నిజం. రెండో నెలకి మూడో గేర్‌లో ఆర్‌పీఎం లేస్తోంది, బండి కదలడం లేదు. క్లచ్ జారుతోంది. రెండో గేర్‌లో స్టీరింగ్ చేతిలోంచి పక్కకి లాగేస్తోంది. మే నెలలో ఇంకో ఇబ్బంది. 42 డిగ్రీల ఎండలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నాలుగుసార్లు గట్టిగా తొక్కితే, ఐదోసారికి ఆ అదనపు పవర్ ఉండేది కాదు. ఇంటర్‌కూలర్ వేడెక్కి, లోపలికి వెళ్లే గాలి వేడెక్కి, నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) రాకుండా ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేసేది, దాంతో పవర్ తగ్గేది. అంటే నేను డబ్బిచ్చి కొన్న పవర్ ఎండాకాలం మధ్యాహ్నం పూట నాకు లేదు.

అప్పుడు ర్యాలీ కార్ల గురించి మళ్లీ కుదురుగా చదివాను. 1995 నుంచి 2010 దాకా ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో 2 లీటర్ల టర్బో కార్లకి టర్బో ముందు రిస్ట్రిక్టర్, అంటే గాలిని కట్టడి చేసే 34 మిల్లీమీటర్ల రంధ్రం ఉండేది. ఆ రంధ్రంలోంచి పోయే గాలికి హద్దు ఉంది కాబట్టి పై ఆర్‌పీఎంలో పవర్ పెంచే దారి లేదు. కాగితం మీద 300 బీహెచ్‌పీ చుట్టూనే. ఇంజనీర్లు తెలివంతా కింద, మధ్య ఆర్‌పీఎంలో టార్క్ మీద, ఆ టార్క్ నేలకి చేరడం మీద పెట్టారు. యాక్సిలరేటర్ వదిలినా ఎగ్జాస్ట్‌లో పెట్రోలు మండించి టర్బోను తిప్పుతూ ఉంచే యాంటీ ల్యాగ్ పుట్టిందీ మలుపు దాటగానే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) సిద్ధంగా ఉండాలనే. మన రోడ్ల మీద కొందరు సైలెన్సర్‌లోంచి టపాకాయల చప్పుడు కోసం అలాంటిది పెట్టించుకుంటున్నారు. ఎగ్జాస్ట్‌లో పెట్రోలు మండితే టర్బో చక్రం, క్యాటలిటిక్ కన్వర్టర్ రెండూ తింటుంది. ర్యాలీ టీమ్‌కి విడి టర్బోలు ఉంటాయి, మనకి ఉండవు. దయచేసి పెట్టించుకోకండి.

నేను ట్యూనర్ దగ్గరికి తిరిగి వెళ్లి టార్క్ తగ్గించి, బూస్ట్ మెల్లగా ఎక్కేలా రాయించుకున్నాను. గరిష్ఠం తగ్గింది, వాడగలిగేది పెరిగింది. స్పార్క్ ప్లగ్గు గ్యాప్ కొంచెం తగ్గించాం. పెద్ద ఇంటర్‌కూలర్ వేయించాను. రీమ్యాప్ కన్నా ముందు దీన్నే వేయించి ఉండాల్సింది. మే నెలలో కూడా పదో తొక్కుకీ అదే లాగుడు ఉంది. పెట్రోలు మామూలు రోజుల్లో 95 ఆక్టేన్, మట్టి మీదకి వెళ్లే రోజు మాత్రం 100 ఆక్టేన్ ఎక్స్‌పీ100. ఇప్పుడు మామూలు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ కారు ఆ కాలం నాటిది కాదు కాబట్టి ఇంధనం పైపులు, సీళ్లు ఆర్నెల్లకోసారి చూపించుకుంటున్నాను.

వికారాబాద్ వైపు ఒక స్నేహితుడి బీడు భూమిలో మేం కోన్లు పెట్టుకుని మట్టి ట్రాక్ గీసుకున్నాం, కిలోమీటరు పైచిలుకు. ఎర్రమట్టి, పైన సన్న గులకరాళ్లు. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుతో నా మంచి టైమ్ 1 నిమిషం 14 సెకన్లు. మొదటి రీమ్యాప్ తర్వాత 1:13. తర్వాత నాలుగు షాక్ అబ్జార్బర్లు కొంచెం గట్టివి వేయించి, అరిగిన లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్‌లు మార్చి, అలైన్‌మెంట్ సరిచేయించి, కంపెనీ సైజు 195/55 ఆర్16లోనే పక్కలు గట్టిగా ఉండే టైర్లు వేశాను. అదే వారం 1:08. ఆరోజు నాలుగో మలుపులో, ఎప్పుడూ ముందు భాగం తోసుకుంటూ బయటికి పోయే చోట, బ్రేకు కొంచెం ఎక్కువసేపు పట్టి ఉంచితే వెనక భాగం మెల్లగా తిరిగి కారు ముక్కును మలుపు దాటే దారి వైపు తిప్పింది. తొమ్మిదేళ్లలో ఈ కారు నాకిచ్చిన గొప్ప క్షణం అదే.

ఆ మట్టిలోనే ఒకసారి రాయి తగిలింది. నేల నుంచి ఎత్తు 155 మిల్లీమీటర్లే. ఆయిల్ చాంబర్‌కి నొక్కు పడి, అంచున చెమ్మ కనబడింది. ఇంజన్ వెంటనే ఆపి, ట్రాలీ మీద తెచ్చుకున్నాం. తర్వాత బాలానగర్‌లోనే 4 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో గార్డు చేయించాను. ఆయిల్ తీసే చోట రంధ్రం, వేడి బయటికి పోవడానికి వెనక వైపు చీలికలు ఉండాలని పట్టుబట్టాను. చీలికలు లేని గార్డు వేస్తే ఇంజన్ కింద పొయ్యి పెట్టినట్టే. బ్రేక్ ఆయిల్ డాట్ 4, ఏటా మార్పు. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, 230 డిగ్రీల దగ్గర మరగాల్సింది తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. అరకు ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లు ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. సైలెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ నేను ముట్టుకోలేదు. రీమ్యాప్ ఉన్న కారుకి క్లెయిమ్ వస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ప్రశ్నించవచ్చు, ఆ లెక్క వేసుకునే చేయించుకోండి. శ్రీశైలం దారిలో నల్లమల అడవి మీదుగా మాత్రం నేను ఎప్పుడూ నెమ్మదిగానే వెళ్తాను. అది జింకల దారి, పులుల దారి.

విడిభాగాలే అసలు కష్టం. బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు, సస్పెన్షన్ సామాను చాలావరకు పుంటో, లీనియా కార్లవే సరిపోతాయి, దొరుకుతాయి. టర్బో చుట్టూ ఉండేవి దొరకవు. ఇదే ఇంజన్ యూరప్‌లో అబార్త్ 500కీ ఆల్ఫా మిటోకీ ఉంది కాబట్టి అక్కడ సమృద్ధిగా ఉన్నాయి. మా తమ్ముడు స్టట్‌గార్ట్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో డైవర్టర్ వాల్వు, ప్లగ్గులు తెచ్చాడు. అమ్మ కోసం తెచ్చిన చాక్లెట్ డబ్బాల మధ్య అవి చుట్టి ఉన్నాయి. విదేశంలో మనవాళ్లు ఎవరూ లేకపోతే ఈ కారు కొనే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఊళ్లో మైలేజ్ నాకు 9 వస్తుంది, ఏటా సగటున 60,000 రూపాయల దాకా ఖర్చవుతుంది. వెనక సీటు ఇరుకు, ఏసీ మే నెలలో చాలదు. రోజూ ఆఫీసుకి ఇదొక్కటే కారైతే నేను వద్దనే అంటాను.

కొనేటప్పుడు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి సైలెన్సర్ వైపు నిలబడండి, నీలం పొగ వస్తే వెనక్కి వచ్చేయండి. మూడో గేర్‌లో 2,000 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి క్లచ్ జారుతోందేమో చూడండి. ఆయిల్ బిల్లులు అడగండి. బిల్లులు లేని రీమ్యాప్ కారు ఎంత తక్కువకు వచ్చినా కొనకండి.

నా టర్బో నోటి దగ్గర ఈ మధ్య సన్నటి ఆయిల్ తడి కనబడుతోంది. భాయ్ షాఫ్టును వేలితో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసి, ఇంకో పది వేలు తిరుగుతుంది సార్, తర్వాత లోపలి భాగం మార్చుదాం అన్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి పార్ట్ నంబరు పంపాను. ఈ సంక్రాంతికి సూట్‌కేసులో రెండు కిలోల చోటు నాకోసం ఉంచమన్నాను.