“మీకేం కనిపించింది?”: ఒక ఫొటో ఫీడ్‌బ్యాక్ వర్క్‌షాప్ గురించి

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆరేళ్ళుగా సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తున్నాను. తెలిసినవాళ్ళకు పంపితే వచ్చే జవాబులు రెండే: “సూపర్”, “చాలా బాగుంది మేడమ్”. చదివినప్పుడు సంతోషంగానే ఉంటుంది. కానీ తర్వాతి ఫొటో ఇంకా బాగా ఎలా తీయాలో వాటిలో ఒక్క ముక్క కూడా దొరకదు. ఆ వెలితితోనే ఆన్‌లైన్‌లో జరిగే ఒక ఫొటో ఫీడ్‌బ్యాక్ వర్క్‌షాప్‌లో డబ్బు కట్టి చేరాను. ఎనిమిది వారాలు పూర్తయ్యాయి. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కెమెరా వాడటం నేర్పే కోర్సు అనుకుని చేరితే నిరాశ పడతారు. షట్టర్ స్పీడ్ అంటే ఏమిటి, ఏ లెన్స్ కొనాలి లాంటివి ఇక్కడ చెప్పరు. సాటి ఔత్సాహికుల ఫొటో చూసి, అది తీసినవాళ్ళకు పనికొచ్చేలా మాట్లాడటం నేర్పుతారు. దానికే ఎనిమిది వారాలు కావాలా అని నాకూ మొదట అనిపించింది. ఇప్పుడైతే ఎనిమిది సరిపోలేదనిపిస్తోంది.

మా బ్యాచ్‌లో ఏడుగురం. గురువారం లోపు తలా ఒక ఫొటో అప్‌లోడ్ చేయాలి. శుక్రవారం రాత్రికల్లా కనీసం ముగ్గురి ఫొటోలకు అభిప్రాయం రాసి పెట్టాలి. శనివారం వీడియో కాల్‌లో ఒక్కో ఫొటోకు 15 నిమిషాలు. మొత్తం రెండు గంటలకు కాస్త తక్కువ. మాటలు దారి తప్పకుండా చూడటానికి ఒక మోడరేటర్ ఉంటారు.

వాళ్ళు పాటించేది అమెరికన్ కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ 1990లో రూపొందించిన పద్ధతి. నాట్యం కోసం పుట్టినా, ఏ కళకైనా సరిపోతుంది. ఇందులో నాలుగు మెట్లు. మొదట చూసినవాళ్ళు ఆ ఫొటోలో తమను ఏది ఆకట్టుకుందో, ఏది మనసులో నిలిచిందో చెబుతారు. రెండో మెట్టులో ఫొటో తీసినవాళ్ళు తమ సందేహాలు అడుగుతారు. మూడోది, చూసినవాళ్ళు ప్రశ్నలు అడగడం, అయితే ఆ ప్రశ్నలో అభిప్రాయం దాగి ఉండకూడదు. చివర్లో అభిప్రాయాలు, అవి కూడా అనుమతి తీసుకున్నాకే. “బ్యాక్‌గ్రౌండ్ గురించి నాకో అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?” అని అడగాలి. వద్దంటే ఆపేయాలి.

వీటిలో మూడో మెట్టు మహా కష్టం. “ఆకాశం ఎందుకంత నల్లగా చేశారు?” అన్నది వినడానికి ప్రశ్నే. కానీ అందులో “నాకు నచ్చలేదు” అన్న మాట ముందే ఉంది. అదే “ఆకాశం టోన్ ఎలా ఉండాలనుకున్నారు?” అని అడిగితే ఎదుటివాళ్ళు తమను సమర్థించుకోవడం మానేసి ఆలోచించడం మొదలుపెడతారు. ఈ తేడా పట్టుబడటానికి మాలో చాలామందికి నాలుగు వారాలు పట్టింది. మోడరేటర్ ప్రతిసారీ ఓపిగ్గా ఆపి, “ఇంకోసారి అడగండి” అనేవారు. ఆ ఓపికకు నేను పూర్తి మార్కులు వేస్తాను.

మొదటి వారం నేను పెట్టింది మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని చదువుకుంటున్న ఫొటో. నా ఫోన్‌లో చాలా రోజులు వాల్‌పేపర్‌గా ఉన్నది, నాకు బాగా ఇష్టమైనది. మోడరేటర్ మిగతా ఆరుగురినీ ఒక్కటే అడిగారు: “మీకేం కనిపించింది? ఏ వరుసలో?” నలుగురు తెల్లటి కర్టెన్‌తో మొదలుపెట్టారు. మొదట కర్టెన్, తర్వాత పుస్తకం, ఆ తర్వాత మొహం. బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనలేదు. నాకు మాత్రం విషయం అర్థమైపోయింది. ఫ్రేమ్‌లో అన్నిటికంటే వెలుగున్న చోటికి కన్ను ముందు పోతుంది. నేను మా అమ్మాయిని చూస్తూ తీశాను, అందుకే నాకు కర్టెన్ కనబడనేలేదు. నేనే అడిగాను, ఏం చేసి ఉండాల్సింది అని. ఒకాయన, “రెండడుగులు ఎడమకు జరిగి తీస్తే కర్టెన్ ఫ్రేమ్‌లోంచి పోతుందండీ, వెలుగు మాత్రం మొహం మీద అలాగే ఉంటుంది” అన్నారు. మర్నాడే అలా తీసి చూశాను. ఆయన చెప్పింది నిజం.

రెండో వారం జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం బాధగా ఉంటుంది. ఒకావిడ వాళ్ళ అమ్మగారి చేతుల ఫొటో పెట్టారు. ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతులు, చుట్టూ దాదాపు చీకటి. నేను శుక్రవారం రాత్రి మూడు వాక్యాలు రాసి పడుకున్నాను: “అండర్ ఎక్స్‌పోజ్ అయింది. కుడిచేతి వేళ్ళు ఫ్రేమ్‌లో కట్ అయ్యాయి. షాడోలు కాస్త పైకి లేపాలి.” అంటే వెలుగు చాలలేదని, చీకటి భాగాలను వెలిగించాలని. పేపర్లు దిద్దే అలవాటుతో రాసిన వాక్యాలవి. లెక్కలో జవాబు ముందే ఉంటుంది, తప్పితే ఎర్ర గీత గీసేయొచ్చు.

శనివారం కాల్‌లో ఇంకో సభ్యుడు ఆవిడను మెల్లగా అడిగారు: “ఇంత తక్కువ వెలుగులో తీయాలని ఎందుకనిపించింది?” వాళ్ళ అమ్మగారికి కంటి జబ్బు. వెలుగు పడితే నొప్పి. నెలల తరబడి ఆ గది కర్టెన్లు తీయలేదు. “ఆ గది అలాగే ఉంటుందండీ. అమ్మను నేను చూసేది ఆ చీకట్లోనే” అన్నారు ఆవిడ. షాడోలు లేపమన్న నా సలహా ఆ ఫొటోను చంపేసే సలహా అని అప్పుడు తెలిసింది. అయితే వేళ్ళ గురించి నేను రాసింది ఆవిడ పట్టించుకున్నారు. వేళ్ళు తెగింది తను కావాలని కాదట, ఆ మసక వెలుతురులో అంచులు గమనించలేదట. అంటే నా మూడు వాక్యాల్లో పనికొచ్చింది ఒక్కటి, గాయపరిచినవి రెండు. నేను అందరి ముందూ క్షమాపణ అడిగాను. ఆ తర్వాత, తీసినవాళ్ళు ఏం చెప్పాలనుకున్నారో తెలియకుండా ఎక్స్‌పోజర్ మాట ఎత్తలేదు.

అలాగని టెక్నికల్ విషయాలు మాట్లాడకూడదని కాదు. మాట్లాడాలి, కానీ కారణం వెతికి మాట్లాడాలి. మా బ్యాచ్‌లో పక్షుల ఫొటోలు తీసే కుర్రాడు ఒకడున్నాడు. అతని ఫొటోలు చూసి అందరూ “షార్ప్‌గా లేదు” అని వదిలేసేవాళ్ళు. మూడో వారం మోడరేటర్ మమ్మల్ని ఆపి, ఫొటోను పూర్తి సైజుకు పెంచి చూడమన్నారు. ఫ్రేమ్ అంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే కెమెరా కదిలింది. కొమ్మ స్పష్టంగా ఉండి రెక్కలు మాత్రమే చెదిరితే పక్షి కదిలింది, షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని మూసుకునే వేగం) చాలలేదు. పక్షి మెత్తగా కనిపిస్తూ దాని వెనకాల ఆకులు పదునుగా ఉంటే ఫోకస్ తప్పిపోయింది. మూడూ చూడటానికి బ్లర్‌లాగే ఉంటాయి, మందు మాత్రం మూడింటికీ వేరు. ఆ కుర్రాడి ఫొటోలో వెనక ఆకులు పదునుగా ఉన్నాయి. అతను అప్పటిదాకా షట్టర్ స్పీడ్ 1/2000 సెకను దాకా పెంచుతూ, దానికోసం ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో వెలుగుగా వచ్చేలా చేసే సెట్టింగ్) పెంచి, ఫొటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, తెచ్చుకుంటున్నాడు. అసలు తేడా ఫోకస్ పాయింట్‌లో ఉంది. ఆ వారం నుంచి ఫోకస్ ఒకే చోట పడేలా సింగిల్ పాయింట్ పెట్టి తీశాడు. ఐదో వారం అతను పెట్టిన ఫొటోలో పక్షి కన్ను మెరుస్తూ కనిపించినప్పుడు అందరం చప్పట్లు కొట్టాం.

క్రాప్ మీద ఒకరోజు పెద్ద వాదనే జరిగింది. ఒక పెద్దాయన, ఫొటో తీశాక అంచులు కోయడం మోసం అన్నారు. క్రాప్ అంటే ఒప్పుకోనివాళ్ళలో అందరికీ తెలిసిన పేరు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసాఁ. మోడరేటర్ ఆ బ్రెసాఁ ఫొటోనే తీసుకొచ్చారు. 1932లో పారిస్‌లోని సెంట్ లజార్ స్టేషన్ వెనక, నీటి మడుగు మీదుగా దూకుతున్న మనిషి. కంచె చెక్కల సందులోంచి తీయడంతో ఒక పక్క చెక్క అడ్డొచ్చింది, దాన్ని ప్రింట్‌లో తీసేశారు. పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన ఫొటో మీద రెండు ‘ఎల్’ ఆకారపు అట్టముక్కలు పెట్టి, జరుపుతూ చూపించారు. ఆ అట్టముక్కల పద్ధతి నాకు ఈ వర్క్‌షాప్‌లో దొరికిన మంచి పనిముట్టు. “క్రాప్ చేయండి” అని ఊరికే చెప్పే బదులు, ఎక్కడ కోస్తే ఏం పోతుందో, ఏం మిగులుతుందో ఇద్దరూ కలిసి చూడొచ్చు.

ఇక లోపాలు. మొదటిది, వాళ్ళ వెబ్‌సైట్ ఫొటోలను బాగా కుదించేస్తుంది. షార్ప్‌నెస్ గురించి మాట్లాడే చోట ఇది చిన్న విషయం కాదు. పక్షుల కుర్రాడి ఫొటో పూర్తి సైజులో చూడటానికి అతను విడిగా మెయిల్ చేయాల్సి వచ్చింది. పైగా సగం మంది ఫోన్‌లో చూస్తున్నారు, అదీ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి. ఒకరికి చీకటిగా ఉన్నది ఇంకొకరికి మామూలుగా కనిపిస్తుంటే, ఎక్స్‌పోజర్ గురించి చర్చ ఎక్కడికి పోతుంది? హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసి మాట్లాడమని మోడరేటర్ ఆరో వారంలో చెప్పారు. అది మొదటి రోజే చెప్పాల్సిన మాట.

రెండోది నాకు నిజంగా కోపం తెప్పించింది. ఆరు, ఏడు వారాల మధ్య రెగ్యులర్ మోడరేటర్ లేకపోవడంతో ఒక సెషన్‌కు వేరే ఆయన వచ్చారు. మంచి ఫొటోగ్రాఫరే కావచ్చు. కానీ వస్తూనే ఒక సభ్యురాలి ఫొటోను తన కంప్యూటర్‌లో తెరిచి, అడగకుండా రంగులు మార్చి, ఆకాశం మార్చి, “ఇదిగో, ఇప్పుడు ఫొటోలా ఉంది” అని స్క్రీన్ మీద చూపించారు. ఆవిడ మొహం వాడిపోయింది. ఎడిట్ చేసి చూపించడం తప్పు కాదు, కొన్నిసార్లు వంద మాటల కంటే ఉపయోగం. కానీ “మీ ఫొటో ఎడిట్ చేసి చూపించనా?” అన్న ఒక్క మాట అడగాలి కదా. ఆరు వారాలు మాకు నేర్పింది అదే. ఫిర్యాదు రాస్తే నిర్వాహకులు ఆవిడకు క్షమాపణ చెప్పారు, ఆ సెషన్‌కు బదులు ఇంకో సెషన్ పెట్టారు. ఆ విషయంలో వాళ్ళు బాధ్యతగానే నడుచుకున్నారు.

ఇంకో చిన్న మాట. ముందు ఒక పొగడ్త, మధ్యలో విమర్శ, చివర ఇంకో పొగడ్త పెట్టే అలవాటును ఇక్కడ మాన్పిస్తారు. నేనైతే దీన్ని సమర్థిస్తాను. మా క్లాసులో కూడా పిల్లలు “బాగా రాశావు” అన్న మాట వినగానే “కానీ” కోసం ఎదురుచూస్తారు, బాగా రాశావన్నది చెవికెక్కదు. ఫొటోలో బాగున్నదాన్ని బాగున్నది కాబట్టే చెప్పాలి, ఎక్కడ బాగుందో వేలు పెట్టి చూపించాలి. “లైటింగ్ బాగుంది” అంటే ఏం తెలుస్తుంది? “పక్కనుంచి పడిన వెలుగులో చర్మం మీద ముడతలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి” అంటే తీసినవాళ్ళకు మళ్ళీ అలా తీయడం తెలుస్తుంది.

ఎవరు చేరొచ్చు? కెమెరా మాన్యువల్‌గా వాడటం కొంచెం వచ్చి ఉండి, వారానికి నాలుగైదు గంటలు కేటాయించగలిగినవాళ్ళు. ఇతరుల ఫొటోలకు రాసే పనే ఎక్కువ, మీ ఫొటోకు దక్కేది 15 నిమిషాలే. తన ఫొటో గురించి వినడానికి మాత్రమే వచ్చిన ఒకాయన మూడో వారంలో మానేశారు. మీ దగ్గర ఉన్న బెస్ట్ ఫొటోలు తీసుకెళ్ళకండి. ఏదో కుదరలేదని మీకే అనుమానం ఉన్నవి తీసుకెళ్ళండి, వాటికే ఎక్కువ ప్రయోజనం. ఫోన్ కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూడండి. ఎనిమిది వారాలూ ఒకే మోడరేటర్ ఉంటారా అని డబ్బు కట్టే ముందే అడగండి.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటి ఆ సెషన్‌కు, ఆ వెబ్‌సైట్‌కు కలిపి.

చివరి శనివారం ఆ చేతుల ఫొటో ఆవిడ మళ్ళీ తీసి పెట్టారు. చీకటి అలాగే ఉంది. ఈసారి పది వేళ్ళూ ఫ్రేమ్‌లో ఉన్నాయి, చీర అంచు మీద సన్నటి వెలుగు గీత ఒకటి పడింది. ఆ గీత గురించి అడగనా అని అనుమతి తీసుకున్నాను. “తలుపు కొంచెం తెరవనిచ్చింది అమ్మ” అన్నారు ఆవిడ.