అచ్చు సంతకాలు: లింకన్ బాంబర్ల ఊళ్ళలో మా ముగ్గురి యాత్ర

165 పౌండ్లు. మన డబ్బుల్లో దాదాపు 19 వేలు. సాయంకాలపు మబ్బుల్లోంచి తిరిగొస్తున్న లాంకాస్టర్ అనే రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ బాంబరు బొమ్మ, దాని కింద తెల్ల అంచు మీద అయిదుగురు వైమానికుల పెన్సిల్ సంతకాలు. నాన్న 70వ పుట్టినరోజుకని కొన్నాను. తీరా చూస్తే అవి పెన్సిల్‌తో పెట్టినవి కావు, బొమ్మతోపాటే అచ్చు వేసినవి. కోపం ఇంకా తగ్గలేదు. ఇంగ్లండు వెళ్ళి యుద్ధకాలపు విమానాల బొమ్మలు కొనాలనుకునే మనవాళ్ళు ఒక్కరైనా మోసపోకుండా ఉంటారని ఇదంతా రాస్తున్నాను.

నాన్న మన ఎయిర్ ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్, అంటే విమానం బాడీ, రెక్కలు బాగుచేసే మెకానిక్. ఆగ్రాలో చాలా ఏళ్ళు కాన్‌బెర్రా బాంబర్ల మీద పనిచేశారు. అమ్మ సికింద్రాబాద్‌లో స్కూల్ డ్రాయింగ్ టీచరుగా రిటైరయింది. అందుకే ఒకే బొమ్మ ముందు నిలబడినా నాన్న రివెట్లు లెక్కపెడతారు, అమ్మ ఆకాశానికి ఏ రంగు మీద ఏ రంగు వేశారో చూస్తుంది. నేను ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జూన్‌లో వాళ్ళిద్దరూ వచ్చారు. ఇద్దరికీ నచ్చే చోటు వెతికితే ఇదే తట్టింది: యుద్ధంలో బాంబర్లు నడిపినవాళ్ళను బొమ్మల్లో, రాతల్లో గుర్తు పెట్టుకున్న ఊళ్ళు.

లండన్‌లో రెండు రోజులు హాయిగా గడిచాయి. గ్రీన్ పార్క్ పక్కన, బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్‌లో బాంబర్ల విభాగమైన బాంబర్ కమాండ్ స్మారకం చూశాం. ఏడుగురు మనుషుల కంచు విగ్రహాలు, లాంకాస్టర్‌లో సరిగ్గా ఎంతమంది ఉండేవారో అంతమంది. ఆ మండపం పైకప్పుకు బెల్జియంలో కూలిన ఒక హాలిఫాక్స్ బాంబరు అల్యూమినియం వాడారని తెలిసి నాన్న చాలాసేపు తల పైకెత్తే ఉన్నారు.

హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం గురించి మాత్రం ఒక లైనులో చెప్పి ఊరుకోలేను. ప్రవేశం ఉచితం. కాలిండేల్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. అక్కడ డీహెచ్ 9ఏ అని మొదటి ప్రపంచ యుద్ధపు బాంబరు ఉంది, నంబరు ఎఫ్ 1010. దాని మీద నిజాం బహూకరణ అని ఇంగ్లీషు అక్షరాలు, హైదరాబాద్ పేరు కనిపించేసరికి ముగ్గురం ఆగిపోయాం. 1918లో బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్ (దళం) విమానాలకు డబ్బిచ్చింది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అందుకే ఆ స్క్వాడ్రన్ పేరులోనే హైదరాబాద్ చేరింది. ఈ విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో ఉండి, రెండో యుద్ధకాలంలో పోలండ్ చేరి, 1977లో ఇంగ్లండుకు తిరిగొచ్చింది. నాన్న దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. "గుడ్డ రెక్కరా ఇది. ఆ కుట్టు చూడు, ఎంత దగ్గరగా వేశారో" అన్నారు. అదే 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ 1939 సెప్టెంబరు 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, బ్లెన్‌హైమ్ విమానాలతో విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లోని జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి వెళ్ళింది. తర్వాత బర్మా యుద్ధంలోనూ పోరాడింది. ఇన్నేళ్ళు హైదరాబాద్ పక్కనే ఉండి కూడా మాకు ఈ సంగతి తెలియదు.

అక్కడే ఎస్ ఫర్ షుగర్ అనే లాంకాస్టర్ ఉంది. ముక్కు పక్కన వరసలు వరసలుగా చిన్న చిన్న బాంబు గుర్తులు, దాడికొకటి చొప్పున వందకు పైగా. వాటి కింద హిట్లర్ వైమానిక దళాధిపతి గోరింగ్ పలికిన గొప్పలు రాశారు: శత్రువు విమానం ఒక్కటి కూడా జర్మనీ గడ్డ మీద ఎగరదట. "ఈ గుర్తులు వేసేది కింద ఉండే మావాళ్ళే. విమానం తిరిగొచ్చిందన్న సంతోషంతో వేస్తారు" అన్నారు నాన్న. నాకు అప్పటిదాకా అవి లెక్కలాగే కనిపించాయి.

తర్వాత కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి తూర్పు ఇంగ్లండులోని లింకన్ ఊరు చేరాం. బస దగ్గర మొదలైంది మా తిప్పలు. ఆ ఊళ్ళో కొండ మీదికెళ్ళే వీధి పేరే స్టీప్ హిల్. పేరుకు తగ్గట్టే నిట్టనిలువుగా ఉంటుంది. పైన కెథడ్రల్ దగ్గర ఒక గెస్ట్ హౌస్‌లో రెండు రాత్రులకు 236 పౌండ్లు ముందే కట్టాను. నాన్న మోకాళ్ళ కోసం కింది అంతస్తు గది కావాలని రాశాను, సరేనని జవాబు కూడా వచ్చింది. వెళ్తే మూడో అంతస్తు ఇచ్చారు, 41 మెట్లు. ఫోన్‌లో ఆ మెసేజ్ చూపిస్తే "ఆ గది వేరేవాళ్ళకు ఇచ్చేశాం, వద్దంటే డబ్బు వాపసు రాదు" అన్నాడు యజమాని. నాన్న మాట్లాడకుండా మెట్లెక్కేశారు. ఆయనకు నొప్పి ఎక్కువైనప్పుడు అలాగే ఉంటారు. అమ్మ ఆ మనిషితో రెండు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. శాకాహారమని చెప్తే పొద్దున రెండు టోస్టులు, సగం కాల్చిన టమాటా పెట్టారు. అమ్మ తెచ్చిన గోంగూర పచ్చడి లేకపోతే ఆకలితోనే బయల్దేరేవాళ్ళం. పెద్దవాళ్ళతో వెళ్తే కొండ కింద, స్టేషన్ వైపే దిగండి. కెథడ్రల్‌కి టాక్సీలో వెళ్ళొచ్చు, మాకు 7 పౌండ్లయింది.

కెథడ్రల్ మాత్రం తప్పక చూడాలి. చుట్టుపక్కల బాంబర్ స్థావరాల నుంచి ఎగిరినవాళ్ళకు తిరిగొచ్చేటప్పుడు దారి చెప్పిన గోపురాలివి. లోపల వైమానికుల ప్రార్థనా మందిరంలో చనిపోయినవాళ్ళ పేర్లు రాసిన పుస్తకాలున్నాయి. అక్షరాల వంపులు చూస్తూ అమ్మ అక్కడే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే కారు అద్దెకు తీసుకున్నాం, రోజుకు 46 పౌండ్లు. పక్కనున్న చిన్న ఊళ్ళో పాత సామాన్ల కొట్టు కనిపించింది. గోడ నిండా విమానాల బొమ్మలు. కొట్టతను చాలా మర్యాదగా మాట్లాడాడు. ఒక బొమ్మ దించి, కింద సంతకాల మీద వేలు ఆడిస్తూ, వీళ్ళంతా బాంబర్ కమాండ్ వాళ్ళే, ఇప్పుడు ఎవరూ బతికి లేరు, ఇలాంటిది మళ్ళీ దొరకదన్నాడు. 180 చెప్పి 165కి ఇచ్చాడు. నాన్న వద్దు వద్దంటూనే చేతిలోకి తీసుకున్నారు. ఆయన మొహం చూశాక నేను ఇంకేమీ అడగలేదు.

రాత్రి గదిలో అమ్మ ఆ బొమ్మను టేబుల్ ల్యాంపు దగ్గర ఏటవాలుగా పట్టుకుంది. ఒకసారి ఇటు తిప్పింది, ఒకసారి అటు. "నాన్నా, ఈ పెన్సిల్ గీతకి మెరుపు లేదేంట్రా?" అంది నాతో. నాకు అర్థం కాలేదు. నాన్నకు వెంటనే అర్థమైంది. లైటు ఆర్పేసి పడుకుందామన్నారు.

మర్నాడు ఈస్ట్ కర్క్‌బీ వెళ్ళాం. అక్కడి లింకన్‌షైర్ ఏవియేషన్ హెరిటేజ్ సెంటర్‌ను మొదలుపెట్టింది పాంటన్ సోదరులు. 1944 మార్చి చివర్లో జర్మనీలోని న్యూరెంబర్గ్ మీద జరిగిన దాడిలో చనిపోయిన వాళ్ళ అన్న జ్ఞాపకంగా పెట్టారు. జస్ట్ జేన్ అని ముక్కు మీద బొమ్మ వేసిన లాంకాస్టర్ ఇక్కడుంది. ఎగరదు గానీ నాలుగు మెర్లిన్ ఇంజన్లూ వేసి రన్‌వే మీద నడిపిస్తారు. మేము ఇంజన్లు వేసే రోజు చూసుకునే వెళ్ళాం. మీరూ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బయల్దేరండి. నాలుగో ఇంజన్ అందుకోగానే గడ్డి మొత్తం వెనక్కి పడుకుంది, నా ఛాతీలో అదురు పుట్టింది. నాన్న చెవులు మూసుకోలేదు. కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

అక్కడ ఒక ముసలి వాలంటీరు మా చేతిలో సంచీ చూసి ఏం కొన్నారని అడిగాడు. అమ్మ అనుమానం చెప్పాం. జేబులోంచి చిన్న భూతద్దం తీసి సంతకం మీద పెట్టి, ముందు అమ్మకే చూపించాడు. గీత నిండా చుక్కలు, పక్కన మబ్బుల్లో ఉన్నలాంటివే. ఆయన నేర్పిందే మీకూ చెప్తున్నాను. సిసలైన పరిమిత ప్రతుల (లిమిటెడ్ ఎడిషన్) బొమ్మకు చిత్రకారుడి సంతకం, అది ఎన్నో ప్రతో చెప్పే నంబరు, వైమానికుల సంతకాలు కింది అంచులో పెన్సిల్‌తో ఉంటాయి. పెన్సిల్ గీత ఏటవాలు వెలుతురులో సీసంలా మెరుస్తుంది, కాగితం మీద చిన్న ఒత్తు పడుతుంది. అచ్చు గీత చుక్కలుగా విడిపోతుంది. ధ్రువపత్రం లేకుండా కొనకూడదు. ఆ వైమానికుడు ఎప్పుడు పోయాడో, బొమ్మ ఎప్పుడు అచ్చయిందో సరిపోల్చుకోవాలి. 1943 మే 16 రాత్రి జర్మనీ ఆనకట్టల మీద దాడికి వెళ్ళిన 617 స్క్వాడ్రన్ 133 మందిలో చివరిగా మిగిలిన జానీ జాన్సన్ 2022 డిసెంబరులో కన్నుమూశారు. ఆ తర్వాత గీసిన బొమ్మ మీద వాళ్ళలో ఎవరి సంతకమైనా ఉందంటే నమ్మకండి. సంతకాలు అచ్చు వేయడం తప్పేమీ కాదు, ఆ మాట చెప్పి అమ్మాలి. అలాంటివి 15, 20 పౌండ్లకు దొరుకుతాయట.

తిరిగి కొట్టుకు వెళ్ళాం. నిన్నటి మర్యాద లేదు. "సంతకాలున్నాయని చెప్పాను, ఉన్నాయి కదా" అన్నాడు. రసీదు తీసి చూస్తే విమానం బొమ్మ అని మాత్రమే ఉంది. కావాలంటే 20 పౌండ్ల సామాను ఏదైనా తీసుకోమన్నాడు. నాన్న నా చెయ్యి పట్టుకుని బయటకు తెచ్చారు. కారులో కూర్చున్నాక, "డబ్బు సంగతి కాదురా. ఆ పేర్లు పెట్టుకుని ఈ పని చేశాడు చూడు" అన్నారు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదలు. కొట్టులో పెన్సిల్ సంతకమని చెప్తే ఆ ముక్క రసీదు మీద రాయించుకోండి. రాయనంటే బయటకొచ్చేయండి.

ఆ సాయంత్రం వుడ్‌హాల్ స్పాలోని పెట్‌వుడ్ హోటల్‌లో టీ తాగాం. యుద్ధంలో 617 స్క్వాడ్రన్ ఆఫీసర్ల మెస్ అదే. గోడల మీద బొమ్మలు, ఫొటోలు చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఆ రోజు మమ్మల్ని మామూలు మనుషులను చేసింది ఆ టీయే.

అక్కడ అమ్మ ఒక మాట అంది. "ఇన్ని బొమ్మల్లో అందరూ వెన్నెల్లో ఎగురుతూనే ఉన్నారు. లోపల కూర్చున్నవాళ్ళ మొహాలేవి? కింద ఊళ్ళో ఉన్నవాళ్ళేరి?" మొహాల గురించి అయితే తనే జవాబు వెతికి పెట్టుకుంది. బ్రిటిష్ చిత్రకారిణి లారా నైట్ 1943లో గీసిన టేకాఫ్ అనే చిత్రం. ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళది, అమ్మ వెబ్‌సైట్‌లో చూసింది. మిల్డెన్‌హాల్ స్థావరంలో ఉండి, స్టిర్లింగ్ బాంబరు సిబ్బంది బయల్దేరబోయే ముందు ఎవరి పనిలో వాళ్ళు మునిగి ఉండగా గీసిందావిడ. అందులో ఉన్న నావిగేటర్ తర్వాత యుద్ధంలో చనిపోతే, వాళ్ళ ఇంటివాళ్ళకు ఆ చిత్రం ఫొటో అందే ఏర్పాటు చేసింది. "బొమ్మ గీసినావిడ బాధ్యత అది" అంది అమ్మ.

కింద ఊళ్ళవాళ్ళ సంగతి మర్నాడు లింకన్ పక్కన కానిక్ హిల్ మీద ఉన్న ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్‌లో దొరికింది. బాంబులు పడిన ఊళ్ళవాళ్ళు చెప్పుకున్న అనుభవాలు కూడా అక్కడ భద్రపరిచారు. ఒక్క చోటికే టైముంటే ఇక్కడికే వెళ్ళండి. 31 మీటర్ల ఉక్కు స్తంభం, అంటే లాంకాస్టర్ రెక్కల వెడల్పంత ఎత్తు. చుట్టూ తుప్పు రంగు ఇనుప గోడల మీద, నేల మీద పనిచేస్తూ పోయినవాళ్ళతో కలిపి, దాదాపు 58,000 పేర్లు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారని అంతకుముందు చదివాను. ఆ అంకె ఎంతో ఈ గోడల వెంట నడిచినప్పుడే తెలిసింది. పేర్లు ఇనుములో ఇటు నుంచి అటు కనిపించేలా కోశారు. అక్షరాల సందుల్లో ఎవరెవరో గుచ్చి వెళ్ళిన ఎర్ర కాగితం పూలు గాలికి ఊగుతున్నాయి. కొన్న బొమ్మ మీద ఉన్న అయిదు పేర్లనూ నాన్న కాగితం మీద రాసుకొచ్చారు. గంటన్నర వెతికాం. ఒక్కటి కూడా లేదు. "అయితే అయిదుగురూ ఇంటికి తిరిగొచ్చారన్నమాట" అని నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు రోజుల్లో మొదటిసారి నవ్వారు.

ఆ బొమ్మ ఇప్పుడు సికింద్రాబాద్‌లో మా హాల్లో ఉంది. పారేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. ఫ్రేము కట్టించే ముందు అమ్మ వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో, తెలుగులో ఒకసారి ఇంగ్లీషులో ఒకసారి రాసింది: "ఈ సంతకాలు అచ్చువి." కింద తేదీ వేసి తన సంతకం పెట్టింది.