ఆ చెంచాడు పెట్రోలు: పాత అవుట్‌బోర్డ్ మోటారుతో ఆరేళ్లు

"పెట్రోలు పైపు పీకెయ్, ఆగిపోయేదాకా నడవనీ, తీసి మూలన పెట్టెయ్." సీజన్ అయిపోయాక మోటారు ఎలా దాచాలని పడవల దగ్గర ఎవరినడిగినా చెప్పేది ఇదే. నా కోపమంతా ఈ మాట మీదే.

పడవ వెనక తగిలించే ఈ మోటారు 15 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లకీ ఒకటే కార్బొరేటర్. వానాకాలం గాలులున్నన్నాళ్లూ హుస్సేన్‌సాగర్‌లో పని, ఆ తర్వాత జూన్ దాకా రేకుల షెడ్డులో నిద్ర. మొదటి మూడేళ్లు ఒక్క తాడు లాగుడుకే లేచేది. మొరాయించడం తెలియని బండి అనిపించుకుంది.

నాలుగో జూన్‌లో చోక్ లాగితే లేచింది, చోక్ నెట్టగానే చచ్చింది. ప్లగ్గులు మార్చినా అంతే. ఈ లక్షణం కనిపిస్తే ప్లగ్గుల జోలికి పోవద్దు, కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న కన్నాల జెట్లు విప్పండి. పైపు పీకి నడిపినప్పుడు పెట్రోలు మట్టం జెట్టు కిందికి దిగగానే ఇంజను ఆగుతుంది కానీ, కార్బొరేటర్ కప్పు అడుగున చెంచాడు మిగిలే ఉంటుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలో తేమ లాక్కుంటుంది. ఎండలకి పెట్రోలు ఆవిరైపోయి అందులో కలిపిన టూ-స్ట్రోక్ ఆయిలు జిగురులా మిగులుతుంది. కప్పు విప్పితే అడుగున జిగట, అల్యూమినియం మీద తెల్ల పొడి, ఐడిల్ రంధ్రం పూర్తిగా మూసుకుపోయి ఉంది. అక్కడ సూది పెట్టి పొడవకండి, ఇత్తడి కన్నం పెద్దదైపోతుంది. కార్బొరేటర్ క్లీనర్, గాలి చాలు.

సగం చోక్ మీద సర్దుకుని నడపడం ఇంకా ప్రమాదం. టూ-స్ట్రోక్‌కి ఆయిలు పెట్రోలుతోనే అందాలి. మెయిన్ జెట్టు సగం మూసుకుంటే ఆయిలూ సగమే, ఫుల్ త్రాటిల్‌లో పిస్టన్ గీసుకుపోతుంది.

ఇప్పుడు చేసేది: డ్రమ్ములో మంచినీళ్లు పోసి, ఐడిల్ మీద పది నిమిషాలు. పైపు పీకాక ఆగిపోతే, కప్పు కింది ఇత్తడి స్క్రూ విప్పి ఆ చెంచాడూ సీసా మూతలోకి పట్టాలి. అడుగున నీటి బొట్టు కనిపిస్తే ట్యాంకూ కడగాల్సిందే. తర్వాత ప్లగ్గులు తీసి, వైర్లు బాడీకి ఎర్త్ చేసి, సిలిండరుకి 5 మిల్లీలీటర్ల టీసీ-డబ్ల్యూ3 (పడవ మోటార్ల టూ-స్ట్రోక్) ఆయిలు పోసి, తాడు నాలుగైదుసార్లు మెల్లగా లాగాలి. బైకుల టూ-టీ ఆయిలు దీనికి వద్దు. మోటారు నిలువుగానే ఉంచాలి, లోపలి నీళ్లు కారిపోవాలి కదా.

గేర్ ఆయిలు మార్చడం చలిదేశాల వాళ్ల గోల అనుకునేవాణ్ని. అక్కడ లోపలి నీరు గడ్డకట్టి కేసింగే పగులుతుంది, మనకా బెడద లేదు. కానీ ఆ ఏడు గేర్ల పెట్టె కింది స్క్రూ విప్పితే ఆయిలు పాల టీ రంగులో కారింది, అంటే నీరు చేరింది. ఫ్యాను (ప్రొపెల్లర్) తీసి చూస్తే షాఫ్టు చుట్టూ మాంజా బిగుసుకుని ఆయిల్ సీలు తెగి ఉంది. సంక్రాంతి మాంజా, నిమజ్జనం దండల దారాలు, ఈ చెరువులో దేనికీ కొదవ లేదు. ఆ నీటితోనే ఏడు నెలలుంటే బేరింగులు తుప్పు పట్టేవి. సీలు మీది మూడు అంకెలు (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం) రాసుకుని సికింద్రాబాద్ రాణిగంజ్ వెళితే సరిపోయేది దొరుకుతుంది. కొత్త ఆయిలు కింది కన్నంలోంచే ఎక్కించాలి. పైనుంచి పొంగాక ముందు పై స్క్రూ, తర్వాత కిందిది. వాషర్లు రెండూ కొత్తవే.

వారం వారం నీళ్లలో దిగే మోటారుకి ఇంత తతంగం అక్కర్లేదు. కాకినాడ వైపు ఉప్పునీటి లెక్క వేరు. మాది మంచినీటి చెరువు, రెండు గంటల తీరిక ఉంది, కాబట్టి ఇంకో రెండు సీజన్లు దీన్నే నమ్ముకుంటాం. ఇంజను చల్లబడ్డానికి నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్ మాత్రం వచ్చే జూన్‌కి మార్చాలి, రెక్కలు ఒకవైపే వంగి బిగుసుకుపోయాయి.