మూడేళ్లుగా ఓపెన్‌రిఫైన్: ఇద్దరు సత్యనారాయణలు ఒకరు కాకుండా

భీమవరం దగ్గర ఒక రొయ్యల మేత షాపులో లెక్కలు చూస్తాను. మూడేళ్ల కిందట పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఖాతాలన్నీ కొత్తదానికి ఎక్కిస్తుంటే సగంలో ఆగిపోయి ‘డూప్లికేట్ రికార్డ్’ అంది. రాత్రి పదయింది, విసుగొచ్చి ‘డూప్లికేట్లు వదిలెయ్’ అనేదాని మీద నొక్కేశాను. చకచకా అయిపోయింది. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక ఒక రైతు డబ్బు తెచ్చి, "అదేంటండీ, నా బాకీ ఇంతేనా? ఇంకా ఇవ్వాలి కదా" అన్నాడు. ఆయన పేరు పాత లెక్కల్లో రెండు చోట్ల ఉంది. రెండో వరుసతో పాటు అందులోని బాకీ కూడా ఎగిరిపోయింది. ఆయన కాబట్టి చెప్పాడు.

ఓపెన్‌రిఫైన్ జోలికి వెళ్లింది ఆ తర్వాతే. చిందరవందరగా ఉన్న పట్టికల్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం. బ్రౌజర్‌లో కనిపించినా నడిచేది మన కంప్యూటర్‌లోనే, కాబట్టి బాకీల లిస్టు బయటికి పోతుందన్న భయం లేదు. 2010లో గూగుల్ రిఫైన్‌గా వచ్చింది, 2012 నుంచి ఈ పేరు.

దీని అసలు బలం క్లస్టరింగ్, అంటే ఒకేలా ఉన్న పేర్లని ఒక గుంపుగా చూపించడం. సుబ్బారావుని ఇంగ్లీషులో ఒకరు కలిపి కొడతారు, ఒకరు విడదీస్తారు, ఇంకొకరు ఇంటిపేరు చివర పెడతారు. ఫింగర్‌ప్రింట్ పద్ధతి మాటల వరస, కామాలు, పెద్ద చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. కలిపి రాసిందీ విడదీసిందీ ఒకచోట చేర్చాలంటే ఎన్‌-గ్రామ్ (ఖాళీలు తీసేసి అక్షరాల ముక్కల్ని పోల్చే పద్ధతి) కావాలి. స్పెల్లింగే మారితే లెవెన్‌స్టైన్, అంటే ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెట్టే పద్ధతి, కానీ దానితో జాగ్రత్త. ఊళ్ల కాలమ్‌లో రేడియస్ (ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో) 1 నుంచి 4కి పెంచితే పాలకోడేరు, పాలకొల్లు ఒకే ఊరని చూపించింది! చూడకుండా మెర్జ్ నొక్కి ఉంటే ఉగాదికి రెండు ఊళ్ల వాళ్లూ షాపు ముందు ఉండేవారు. అన్‌డూ ఉంది లెండి, ఎన్ని మెట్లయినా వెనక్కి వెళ్లొచ్చు.

మెర్జ్ చేస్తే పేరు మాత్రమే ఒకటవుతుంది, వరుసలు అలాగే ఉంటాయి. ఇది తెలియడానికి నాకు వారం పట్టింది. వరుసలు తీయాలంటే సార్ట్ చేసి, ఆ వరసను శాశ్వతం చేసి, బ్లాంక్ డౌన్ (పై వరుసలోదే మళ్లీ వస్తే కింది గడిని ఖాళీ చేస్తుంది) కొట్టి, ఖాళీ వచ్చిన వరుసల్ని తీసెయ్యాలి. శాశ్వతం చెయ్యడం మర్చిపోతే లెక్క తప్పుతుంది. బాకీలున్న ఫైలులో మాత్రం నేనిది చెయ్యను. ముందు ఎక్సెల్ పివట్‌లో బాకీలు కూడి, మొత్తం పాత సాఫ్ట్‌వేర్ మొత్తంతో పైసాతో సహా సరిపోతేనే ఎక్కిస్తాను. పాత కస్టమర్ కోడ్ కాలమ్ కూడా ఉంచుతాను, రేపు ఎవరైనా అడిగితే వెనక్కి చూసుకోవడానికి.

ఎవరు ఎవరో చెప్పడం దీని వల్ల కాదు. మన వైపు తాత పేరు మనవడికి పెడతారు, ఇంటిపేరు ఎలాగూ ఒకటే, ఫోన్ నంబరు కూడా ఇంటికి ఒకటే ఇస్తారు. మూడూ కలిసినా మనుషులు ఇద్దరు, చెరువులు రెండు, బాకీలు రెండు. జిల్లానీ నమ్మలేం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక కైకలూరు రైతు పాత బిల్లులో కృష్ణా, కొత్త బిల్లులో ఏలూరు. డీలర్లతో కాస్త హాయి, జీఎస్టీ నంబరు ఉంటుంది: మొదట ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, తర్వాత పది అక్షరాల పాన్. పాన్ ఒకటై పదమూడో అక్షరం వేరైతే అది అదే సంస్థకి ఇంకో రిజిస్ట్రేషన్, కలపకూడదు.

అనుమానం ఉన్న పేర్లన్నీ ప్రింటు తీసి మా షాపు గుమాస్తా బాబాయికి ఇస్తాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, "వీడు గట్టు మీద చెరువు వాడు, ఇతను రేవు దగ్గర వాడు" అని టిక్కులు పెడతాడు. అందుకే ఇప్పుడు మా ఖాతాల్లో పేరు పక్కన చెరువు గుర్తు కూడా ఉంటుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ బ్లాంక్ డౌన్ తిప్పలకి పట్టుకున్నాను.