తెల్లకోట్ల నీటి పరీక్ష: 18,500 రూపాయలు పోయాయి, మీరైనా జాగ్రత్తపడండి

మన కాలనీలో ఇంటింటికీ తిరుగుతున్న ఆ తెల్లకోట్ల వాళ్ళ గురించే. శనివారం మా ఇంటికి వచ్చారు. మెడలో కార్డు, చేతిలో అట్టకు బిగించిన ఫారం. "నీటి నాణ్యత తనిఖీ" అన్నాడు ఒకడు. ఏ శాఖ అని నేను అడగలేదు. కోటు చూసి కుర్చీ వేశాను, మజ్జిగ కూడా ఇచ్చాను.

ఒక గ్లాసులో మా కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో వాళ్ళ ఫిల్టరు నీళ్ళు. రెండింట్లోనూ ఇనప కడ్డీలు ముంచి కరెంటు ఇచ్చాడు. రెండు నిమిషాల్లో మా గ్లాసు బురదగుంట అయింది. వాళ్ళది తేటగానే ఉంది. అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అతను మా పాప వైపు చూసి, చాలా మెల్లగా, "ఇన్నాళ్ళూ ఈ నీళ్ళేనా మేడమ్ తాగిస్తున్నారు?" అన్నాడు. ఇంకేముంది, ఫోను తీసి వాళ్ళ ఫిల్టరుకి డబ్బు పంపేశాను.

ఇక నవ్వుకోండి. నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పే టీచర్‌ని. కుళాయి నీళ్ళలో లవణాలు ఉంటాయి కనుక కరెంటు పారి ఇనప కడ్డీయే కరుగుతుంది. ఆ బురద తుప్పు తప్ప మరేమీ కాదు. వాళ్ళ ఫిల్టరు నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కనుక ఏమీ జరగదు. ఇదంతా నాకు రాత్రి పదకొండింటికి గుర్తొచ్చింది! సోమవారం బడిలో వాళ్ళ ఫిల్టరు నీళ్ళలోనే చిటికెడు ఉప్పు వేసి, రెండు మేకులు ముంచి కరెంటు ఇచ్చాను. అదే బురద. ఫారంలో లవణాలు 385 అని రాసి ఎర్రసిరాతో సున్నా చుట్టాడు మహానుభావుడు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యమే.

డబ్బు వెనక్కి ఇమ్మని ఫోను చేశాను. "ప్రభుత్వం నుంచి వచ్చామని మేము అన్నామా మేడమ్? కోటు వేసుకోవడం నేరమా?" అన్నాడు. నిజమే, అనలేదు. అంతా నేనే అనుకున్నాను. ఆ తరవాతి మాటే ఇంకా చెవిలో మోగుతోంది: "మీరు సైన్సు టీచరు కదా, కళ్ళారా చూసే కదా కొన్నారు?" టీచర్‌నని మజ్జిగ ఇస్తూ గొప్పగా చెప్పుకున్నది నేనే మరి. వెనకాల ఎవరో నవ్వారు. ఫోను పెట్టేశాడు.

బీఈడీలో మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త ప్రయోగం చదివాను, అధికారం ఉన్నవాడి మాటకు మనుషులు ఎంతదాకా లొంగుతారో చూసినది. 1963లో ప్రచురించాడు. కోటు వేసుకున్న మనిషి షాకులు ఇవ్వడం కొనసాగించమన్నాడని 40 మందిలో 26 మంది, అవతలివాడికి నిజంగానే షాకు తగులుతోందనుకుంటూ, 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు. ఎంత అమాయకులో అనుకున్నాను అప్పుడు. నన్నైతే కొనసాగించమని ఎవరూ అనాల్సిన పని కూడా పడలేదు.

కడ్డీలు బయటికి తీస్తే, ముందు వాళ్ళ నీళ్ళలో ఉప్పు వేయమనండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి, నేను చేశాను. నిన్న వాళ్ళు వెనక వీధిలో కనబడ్డారట. కోట్లు ఇస్త్రీ చేసి ఉన్నాయట.