నాలుగేళ్లుగా గేదెల పాక దగ్గర తెచ్చుకుంటున్న పాలు

2021 దసరాకు మా ఇంట్లో ప్యాకెట్ పాలు మానేశాం. మాది విజయవాడ పక్కన పోరంకి. బండి మీద పది నిమిషాలు వెళ్తే తొమ్మిది ముర్రా గేదెలున్న పాక ఉంది. ఉదయం ఆరింటికి క్యాన్ పట్టుకెళ్తే పాక నడిపే పిన్నిగారు కళ్లముందే పితికి పోస్తారు. రోజుకు రెండు లీటర్లు. అప్పట్లో లీటరు 70 రూపాయలు, ఇప్పుడు 90.

పెరుగు గిన్నె వంచినా కదలదు. మీగడ దాచి వారానికోసారి చిలికితే పావుకిలోకు తగ్గకుండా నెయ్యి వస్తోంది. బయట నెయ్యి కొని మూడేళ్లు దాటింది.

ఒకసారి పాలు పల్చగా అనిపించి, పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్ కొన్నాను. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. నీళ్లు కలిపితే రీడింగ్ తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది, రెండూ చేస్తే మామూలుగానే చూపించవచ్చు. అసలు సంగతి పిన్నిగారు చెప్పారు: "ఈనిన కొత్తలో పాలు పల్చగానే ఉంటాయమ్మా, ఒట్టిపోయే ముందు చిక్కబడతాయి." ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో ఏడాది పొడవునా కనీసం 6 శాతం వెన్న ఉండేలా సరిచేస్తారు. పాక పాలు గేదెను బట్టి, నెలను బట్టి మారతాయి. ఇది తెలియక మంచి రైతును అనుమానించి మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక కాచే విషయం. మా మామయ్యగారికి గుమ్మపాలంటే, అంటే పితికిన వెంటనే కాచకుండా తాగే పాలంటే ప్రాణం. మనవడికీ పట్టమనేవారు. నేను ఇద్దరికీ ఒప్పుకోలేదు. రెండేళ్ల కిందట ఆ పాకలో ఒక గేదె ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దానికి గర్భం పోయింది. పశువుల డాక్టర్ రక్తపరీక్ష చేయిస్తే బ్రూసెల్లోసిస్ అని తేలింది. పచ్చిపాల వల్ల మనుషులకూ సోకి, వారాల తరబడి జ్వరం, కీళ్లనొప్పులతో పీడించే జబ్బది. పైకి ఆరోగ్యంగా కనిపించే గేదె పాలలోనూ ఆ క్రిములు ఉండొచ్చు. పిన్నిగారు ఏమీ దాచకుండా ఆ సాయంత్రమే ఫోన్ చేశారు, ఆ గేదెను విడిగా కట్టేశారు. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. కాచిన పాలే తాగాం కాబట్టి మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మామయ్యగారు ఆ తర్వాత గుమ్మపాల మాట ఎత్తలేదు.

తెచ్చిన గంటలోపు పొంగించి, గరిటెతో కలుపుతూ ఇంకాసేపు మరిగించడం మా ఇంట్లో పద్ధతి. మే నెలలో ఒకరోజు దారిలో కూరగాయలకు ఆగాను, ఇంటికొచ్చి పొయ్యి మీద పెట్టగానే రెండు లీటర్లూ విరిగిపోయాయి.

వేసవిలో సగం గేదెలు ఒట్టిపోయి మాకు లీటరే దొరుకుతుంది. చిన్నపిల్లలున్న ఇళ్లకు పిన్నిగారు ముందు పోస్తారు. ఆ రెండు నెలలూ కాఫీకి ప్యాకెట్ కొనుక్కుంటాం, పెరుగుకు మాత్రం పాక పాలే తోడేస్తాను.