క్లౌడ్ చాంబర్ కిట్: ఏడేళ్ల పాపతో వాడి చూసిన తర్వాత

కణ భౌతికశాస్త్రాన్ని చిన్నపిల్లలకు పరిచయం చేస్తామంటూ వచ్చే వస్తువుల్లో చాలావరకు మెత్తటి బొమ్మలో, పేర్ల కార్డులో ఉంటాయి. వాటితో పిల్లలు క్వార్కు, లెప్టాన్, బోసాన్ అని గడగడా అప్పజెప్పగలుగుతారు కానీ, ఆ పేర్లు వేటివో వారికి తెలిసే దారి ఉండదు. మా అమ్మాయి కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన క్లౌడ్ చాంబర్ కిట్ కణాలు వెళ్లిన దారులను ముందు కంటికి చూపిస్తుంది; పేరు తర్వాత చెప్పుకోవచ్చు. అందుకే ఇది నాకు నచ్చింది.

కిట్‌లో పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, నల్లరంగు వేసిన లోహపు పళ్లెం, ఫెల్ట్ గుడ్డ, చిన్న ఎల్‌ఈడీ లైటు, సూచనల పుస్తకం ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను, డ్రై ఐస్‌ను (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను) మనమే కొనుక్కోవాలి. డబ్బా లోపల పైభాగాన అంటించిన ఫెల్ట్‌ను ఆల్కహాల్‌తో తడిపి, డబ్బాను పళ్లెం మీద బోర్లించి, పళ్లెం కింద సుమారు మైనస్ 78 డిగ్రీల చల్లదనం ఉండే డ్రై ఐస్‌ను పెట్టాలి. పైనుంచి దిగే ఆవిరి పళ్లెం దగ్గరకు వచ్చేసరికి బాగా చల్లబడి, చిన్న ఆధారం దొరికితే చాలు బిందువులుగా మారే స్థితిలో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న కణం అటుగా దూసుకుపోతే దాని దారి పొడవునా అయాన్లు (విద్యుదావేశం పొందిన అణువులు) ఏర్పడి, వాటి చుట్టూ బిందువులు పేరుకుంటాయి. ఆకాశంలో జెట్ విమానం వెనుక మిగిలే తెల్లటి చారలా, కణం కనబడకపోయినా అది వెళ్లిన దారి కనబడుతుంది. ఆవిరి బిందువులతో కణాల దారులను చూపే పద్ధతిని రూపొందించినందుకే భౌతికశాస్త్రవేత్త చార్లెస్ విల్సన్‌కు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో కార్ల్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త పాజిట్రాన్‌ను (ధనావేశం గల ఎలక్ట్రాన్ లాంటి కణాన్ని) గుర్తించింది కూడా క్లౌడ్ చాంబర్‌లోనే.

గదిలో లైట్లు ఆర్పి పక్కనుంచి వెలుగు వేస్తే, మొదట సన్నని తుంపర మాత్రమే కనిపించి, కాసేపటికి చారలు మొదలయ్యాయి. పాప వాటికి తనే పేర్లు పెట్టుకుంది: పొట్టి లావువి, దారాలు, మెలికలు. గాలిలో ఉండే రేడియోధార్మిక వాయువు రేడాన్ నుంచి వచ్చే ఆల్ఫా కణాలు పొట్టిగా, లావుగా ఉండే చారలను వదులుతాయి. మెలికలు తిరిగేవి తక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లవి. పొడవాటి సన్నని దారాల్లో చాలా వాటిని అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే కానీ బరువైన కణాలు) గీస్తాయి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ చొప్పున పడుతుందని చెప్పగానే పాప తన అరచేతిని చూసుకుని, "నా చేతిలోంచి కూడా పోతున్నాయా నాన్నా? మరి నొప్పి లేదేం?" అని అడిగింది. ఆ వయసు పిల్ల అడగగలిగిన ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది నాకు తోచదు. పేర్ల కార్డులతో ఆడినన్నాళ్లూ ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.

లోపాలూ ఉన్నాయి. కిట్‌తో వచ్చిన లైటు వెలుగు చాలదు; మంచి టార్చి వాడాక గాని చారలు స్పష్టంగా కనబడలేదు. డబ్బా అంచు పళ్లెం మీద సరిగా కూర్చోక గాలి చొరబడుతుంది, చుట్టూ టేపు వేయాల్సి వచ్చింది. తిన్నగా ఉన్న ప్రతి చారా మ్యూయాన్‌దేనని పుస్తకం చెప్పడం సరికాదు, శక్తిమంతమైన ఎలక్ట్రాన్ కూడా అలాంటి చారనే వదలగలదు. అన్నిటికంటే పెద్ద లోపం, జాగ్రత్తలను చివరి పేజీకి నెట్టేయడం. డ్రై ఐస్ చర్మానికి తగిలితే గాయమవుతుంది, అది ఆవిరైనప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ మూసిన గదిలో ప్రమాదకరం, ఆల్కహాల్ సులువుగా అంటుకుంటుంది. కాబట్టి కిటికీలు తెరిచి, చేతి తొడుగులు వేసుకుని, ఏర్పాటంతా పెద్దలే చేయాలి. పిల్లల వంతు చూడడం వరకే.

చేతిపని అలవాటున్నవారికి కిట్ అవసరం కూడా లేదు. ఇలాంటి చాంబర్‌ను ఇంట్లో దొరికే వస్తువులతో చేసుకునే సూచనలను జెనీవా దగ్గరున్న కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ఉచితంగానే అందిస్తోంది. ఏ దారి ఎంచుకున్నా, డ్రై ఐస్ అమ్మేవారు మీ ఊళ్లో ఉన్నారో లేదో ముందుగా కనుక్కోండి. అది ఇంట్లో నిల్వ ఉండదు, వాడే రోజే తెచ్చుకోవాలి.